తెలుగు రచయిత్రుల ప్రేమనవల: ఒక చారిత్రక పరిశీలన

1961 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూరుమంది స్త్రీలలో చదవను, రాయను వచ్చినవారు 12 మంది మాత్రమే. పదేళ్ల తరువాత, 1971లో, ఆ సంఖ్య 16కు చేరువయింది. 1981లో కూడా 20 దాటీ దాటనట్టే ఉన్నది. అయినప్పటికీ సరిగ్గా ఈ రెండు దశాబ్దాలలోనే తెలుగు వారపత్రికల ధారావాహికలలో అగ్రస్థానం స్త్రీలకు దక్కింది. పత్రిక రాగానే ముందుగా తెరిచే పుటలు వారివి. అద్దె పుస్తకాల దుకాణాలలో అట్టలు చిరిగిపోయేదాకా చేతులు మారిన నవలలు వారివి. చలనచిత్ర నిర్మాతలు హక్కుల కోసం వెతుక్కుంటూ వెళ్లిన కథలు వారివి. అక్షరాస్యులైన స్త్రీలు ఇంత తక్కువగా ఉన్న సమాజంలో స్త్రీలు రాసి, ప్రధానంగా స్త్రీలు చదివిన నవల అంతటి ప్రాబల్యం ఎలా సంపాదించిందన్న ప్రశ్నను సాహిత్య చరిత్రలు లోతుగా పట్టించుకున్నట్టు కనబడదు. చాలాచోట్ల దానికి ఒకే మాట సమాధానంగా వస్తుంది: కాలక్షేపం.

ఆ మాట పూర్తిగా అసత్యమేమీ కాదు. మధ్యాహ్నం వంటింటి పని ముగిసిన తరువాత, పిల్లలు బడి నుంచి రాకముందు దొరికే ఒకటి రెండు గంటల వ్యవధిని ఉద్దేశించి రాసిన నవలలే ఇవి. అయితే ఏ కాలాన్ని, ఎవరి కాలాన్ని క్షేపించారన్నది చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న. ఇంటిలో తనకంటూ ఒక గంట సమయం, ఒక పుస్తకం, దానిని గురించి పక్కింటివారితో మాట్లాడే అవకాశం లభించిన మొదటి తరం స్త్రీలు వీరు. చదువు రాని అత్తగారికి కోడలు సాయంత్రం సీరియల్ చదివి వినిపించిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. జనాభా లెక్కలకు చదివేవారు అందుతారు గాని, వినేవారు అందరు.

ఈ నవల శూన్యం నుంచి పుట్టలేదు. దాని వెనుక రెండు పెద్ద నీడలు ఉన్నాయి. ఒకటి శరత్‌చంద్రునిది. శరత్ నవలలను తెలుగు చేసి ఇంటింటికీ తెచ్చినవారిలో చక్రపాణి ముఖ్యులు. ఆ అనువాదాలు చదివిన తెలుగు పాఠకులలో చాలామందికి శరత్ వంగదేశీయుడన్న స్పృహ కూడా ఉండేది కాదని చెప్పుకోవడం కద్దు. ఆ చక్రపాణే తరువాతి కాలంలో నడిపిన ‘యువ’ మాసపత్రిక రచయిత్రుల నవలలకు ఒక ముఖ్య వేదిక కావడం యాదృచ్ఛికమేమీ కాదు. రెండవ నీడ చలానిది. 1920ల చివర వెలువడిన ‘మైదానం’ తరువాత తెలుగులో ప్రేమను గురించి రాయబూనిన ఏ స్త్రీ అయినా సమాజం వేసే ఒక ప్రశ్నను ముందుగా ఎదుర్కొనవలసి వచ్చింది. శరత్ స్త్రీ త్యాగం చేస్తుంది. చలం స్త్రీ గడప దాటుతుంది. ఇద్దరినీ సృష్టించినవారు పురుషులే. త్యాగం చేయకుండా, గడప దాటకుండా, లేదా దాటినా తన కాళ్ల మీద నిలబడి ప్రేమించడం ఎలాగన్నది రచయిత్రుల ముందుకు వచ్చిన సమస్య.

ఆ సమస్యకు తొలి సమర్థమైన సమాధానం డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. గోరాశాస్త్రి సంపాదకత్వంలోని ‘తెలుగు స్వతంత్ర’లో 1957-58లో ధారావాహికంగా వచ్చిన ఈ నవలకు రంగస్థలం విశాఖపట్నం. అద్దె ఇల్లు, మేడమీద గది, వైద్య విద్యార్థి, ఆఫీసుకు వెళ్లే యువతి, చూపు పోయిన ఆమె తండ్రి: ఇంతే సామగ్రి. ఆ యువతి ఇందిర. కుటుంబాన్ని పోషించేది ఆమె. ఇంటి అద్దె ఎవరు కడుతున్నారో, కూరగాయలకు డబ్బు ఎక్కడినుంచి వస్తున్నదో పాఠకుడు ఎక్కడా మరచిపోకుండా రచయిత్రి జాగ్రత్త పడింది. ఇందిర మంచిదని గాని, చెడ్డదని గాని ఆమె తీర్పు చెప్పలేదు. స్వార్థం ఉన్నది, ధైర్యం ఉన్నది, నవ్వు ఉన్నది. తనకు కావలసినదాన్ని అడిగే స్వభావం ఉన్నది. అంతకుముందరి తెలుగు నవలలో ఇటువంటి పాత్రకు శిక్ష తప్పేది కాదు. రైలు కింద పడడమో, క్షయవ్యాధో, పశ్చాత్తాపమో ఏదో ఒకటి ఆమె కోసం కాచుకొని ఉండేది. శ్రీదేవి ఇందిరకు శిక్ష వేయలేదు. ఆమెను బ్రతకనిచ్చింది. పిరికివాడైన పురుషుణ్ణి పిరికివాడుగానే చూపించింది. అతని సౌమ్యతను సద్గుణంగా పొరబడే అవకాశం పాఠకులకు ఇవ్వలేదు.

1929లో అనకాపల్లిలో పుట్టిన శ్రీదేవి 1961లో, ముప్పై రెండేళ్లు నిండకుండానే, మరణించింది. ఆమె పేరు నిలబెట్టిన నవల ఇదొక్కటే. 1963లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో ఇది ‘చదువుకున్న అమ్మాయిలు’ అన్న పేరుతో చలనచిత్రంగా వచ్చింది. తెరమీద చాలా మార్పులు జరిగాయి. వినోదం పెరిగింది, ఇందిర తగ్గింది. పుస్తకాన్ని, చిత్రాన్ని పక్కపక్కన పెట్టి పరిశీలించేవారికి ఆనాటి మార్కెట్టు ఏ స్త్రీని స్వీకరించగలిగిందో, ఏ స్త్రీ దగ్గర తటపటాయించిందో స్పష్టంగా తెలుస్తుంది.

1960ల మధ్యలో ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికంగా వచ్చిన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ మరొక మార్గం పట్టింది. కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టి, వివాహానంతరం హైదరాబాదులో స్థిరపడిన ఈ రచయిత్రిని పాఠకులు ‘నవలారాణి’ అన్నారు. ‘సెక్రటరీ’ కథ తెలియని తెలుగు పాఠకురాలు ఆ తరంలో అరుదు. బామ్మ సంరక్షణలో పెరిగిన పేదింటి పిల్ల జయంతి, సంపన్నుడైన రాజశేఖరం, వారిద్దరి మధ్య అపోహలు, అభిమానాలు, చివరకు వివాహం. ఇంతవరకు చెబితే నవలను గురించి చెప్పినట్టు కాదు. జయంతి మొదట పనిచేసే వనితావిహార్ వర్ణన చూడాలి. తీరిక గల సంపన్న స్త్రీల సంఘంలో జీతానికి పనిచేసే అమ్మాయి ఎలా నిలబడాలి, ఏ కుర్చీలో కూర్చోవాలి, ఎవరి మాటకు నవ్వాలి, ఎవరి మాటకు నవ్వకూడదు అన్న సూక్ష్మ వివరాలు అందులో ఉన్నాయి. యజమాని ఇచ్చే ప్రతి వస్తువు ముందూ జయంతి ఆగి ఆలోచిస్తుంది. ఇది జీతమా, కానుకా, దయా? జీతమైతే తీసుకుంటుంది. కానుకైతే ఎందుకని అడుగుతుంది. దయ అయితే తిరస్కరిస్తుంది. ఈ నవలలోని ప్రేమకథ అంతా ఈ మూడింటి మధ్య తేడాను రాజశేఖరం నేర్చుకోవడానికి పట్టిన కాలమే.

ఇక్కడ ఆ కాలపు ఆర్థిక, శాసన నేపథ్యాన్ని కొంత గుర్తు చేసుకోవలసి ఉన్నది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని అయిన తరువాత సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు, బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థలు విస్తరించాయి. పట్టణాలలో టైపు, షార్ట్‌హ్యాండు నేర్పే ఇన్‌స్టిట్యూట్లు వెలిశాయి. ఎస్.ఎస్.ఎల్.సి.తో పాటు టైపు పరీక్ష ప్యాసయిన మధ్యతరగతి అమ్మాయికి ఉద్యోగం అందుబాటులోకి వచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం విడాకులకు వీలు కల్పించింది. 1956 వారసత్వ చట్టం కుమార్తెకు కొంత హక్కు ఇచ్చింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. గెజెట్‌లో అచ్చయినంత మాత్రాన చట్టం ఇంటిలోకి రాదన్నది పరిపాలనలో ఉన్నవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. కట్నం ఆగలేదు, ఆస్తి అందలేదు. తెలుగునాట కుమార్తెకు ఉమ్మడి ఆస్తిలో సమభాగం కల్పించే సవరణ రావడానికి 1980ల మధ్య దాకా ఆగవలసి వచ్చింది. కాగితం మీది హక్కుకు, వాస్తవానికి మధ్య ఉన్న ఆ ఖాళీలో స్త్రీకి నిజంగా తనదైనది నెలజీతమొక్కటే. రచయిత్రుల ప్రేమనవలలో కథానాయిక ఆత్మాభిమానానికి ఆధారం ఆ జీతమే. ఉద్యోగం ఉన్నది కనుకనే ఆమె కాదనగలదు. కాదనగలిగినప్పుడే ఆమె అవుననడానికి విలువ వస్తుంది.

ఈ దృష్టితో చూస్తే అనేక నవలల నిర్మాణం ఒక్కసారిగా అర్థమవుతుంది. కోడూరి (అరికెపూడి) కౌసల్యాదేవి ‘ప్రేమనగర్’ ఆధారంగా 1971లో వచ్చిన చిత్రాన్నే తీసుకోవచ్చు. జమీందారు ఇంటిలో సెక్రటరీగా చేరిన లత, తన మీద దొంగతనం నింద పడి, ప్రేమించినవాడే క్షణకాలం అనుమానించినప్పుడు, ఆ ఇంటినుంచి వెళ్లిపోతుంది. ఆ తరువాత అతడు ఎంత పరితపించినా సులభంగా తిరిగి రాదు. ప్రేక్షకులు కథానాయకుని కోసం కన్నీరు పెట్టారు, పాటలు పాడుకున్నారు. కాని కథను నడిపించినది జీతగత్తెను అనుమానించిన పాపం. ఆ చిత్రం 1972లో తమిళంలో ‘వసంత మాళిగై’గా, 1974లో హిందీలో ‘ప్రేమ్ నగర్’గా పునర్నిర్మితమయింది. ఒక తెలుగు గృహిణి ఊహ మూడు భాషల ప్రేక్షకులకు చేరిందన్న సంగతి పాటల హోరులో మరుగున పడింది. అదే రచయిత్రి ‘చక్రభ్రమణం’ ఆధారంగా 1964లో వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’కి రాష్ట్ర ప్రభుత్వ నంది బహుమతులలో మొట్టమొదటి ఉత్తమ చిత్ర పురస్కారం లభించింది.

యద్దనపూడి నవలలు కూడా అదే బాటలో తెరకెక్కాయి. 1973లో ‘జీవన తరంగాలు’, అదే సంవత్సరం విజయనిర్మల దర్శకత్వంలో ‘మీనా’, 1976లో ‘సెక్రటరీ’. వీటిలో ‘మీనా’ ప్రత్యేకంగా చదవదగినది. తల్లి అధికారం కింద నగరంలో పెరిగిన యువతి పల్లెలోని బంధువుల ఇంటికి వెళ్లి, అక్కడ బావను, దానితో పాటు తన ఇష్టాయిష్టాలను కనుగొనడం ఇందులోని కథ. ప్రేమనవలలో ప్రతినాయకుని స్థానంలో తల్లిని నిలబెట్టడం, ఆ తల్లిని కేవలం దుర్మార్గురాలిగా చూపకుండా ఉండడం తేలికైన పని కాదు. మీనా తిరుగుబాటు పెద్ద ప్రసంగాలతో జరగదు. ఏ చీర కట్టాలి, ఎవరితో మాట్లాడాలి, ఎప్పుడు భోజనం చేయాలి అన్న చిన్న విషయాలలో మొదలవుతుంది. ఆంక్షలు అమలయ్యేది కూడా అక్కడే కనుక రచయిత్రి ఎన్నుకున్న స్థలం సరైనదే.

విమర్శకులు ఈ నవలలను ఆదరించలేదు. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడిన రోజులవి. సాహిత్యం ఎవరి పక్షాన నిలవాలన్న ప్రశ్న తీవ్రంగా చర్చకు వచ్చిన రోజులు. ఆ వాతావరణంలో ఆరడుగుల కథానాయకుడు, పొడవాటి కారు, మేడ, తోట, పియానో గల నవల పరిహాసానికి గురికావడం సహజం. ఈ నవలలు మధ్యతరగతి అమ్మాయిలకు పగటికలలు అమ్ముతున్నాయని, వాస్తవానికి దూరం చేస్తున్నాయని వచ్చిన ఆరోపణలో సత్యం లేకపోలేదు. ఆ మేడ తోటను తడిపిన తోటమాలికి కథలో పేరుండదు. పాలేరు, పనిమనిషి వస్తూ పోతూ ఉంటారు తప్ప వారికి ప్రేమలు ఉన్నట్టు కనబడదు. కులం ప్రస్తావన రాకుండానే కులం పాటింపు జరిగిపోతుంది. కథానాయికా నాయకులు ఇద్దరూ ఎప్పుడూ పెళ్లికి అడ్డంకి లేని ఇళ్లలోనే పుట్టి ఉంటారు. ఉద్యోగంతో మొదలైన నవల పెళ్లితో ముగిసేసరికి ఆ ఉద్యోగం ఏమయిందో చాలా సందర్భాలలో రచయిత్రి చెప్పదు, పాఠకురాలు అడగదు. ఇది చిన్న లోపం కాదు. నెలజీతం మీద నిలబెట్టిన ఆత్మాభిమానాన్ని చివరి అధ్యాయంలో మేడకు తాకట్టు పెట్టినట్టవుతుంది.

అయినా ఆ విమర్శలో ఒక అన్యాయం ఉన్నది. కథానాయకుని ఎత్తు కొలిచినవారు కథానాయిక జీతం లెక్క చూడలేదు. పురుషులు రాసిన అపరాధ పరిశోధక నవలలు ఆ కాలంలోనే లెక్కకు మించి వెలువడ్డాయి. వాటిని ఎవరూ సమాజానికి ప్రమాదంగా భావించలేదు. పైగా రచయిత్రుల పేర్లకు గిరాకీ ఎంత ఉండేదంటే పురుషులు స్త్రీల పేర్లతో రాయడం ఒక రివాజయింది. ‘పురాణం సీత’ పేరుతో ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాసినది పురాణం సుబ్రహ్మణ్యశర్మ. ‘బీనాదేవి’ అన్నది భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతుల ఉమ్మడి కలంపేరు. వీరు ఉత్తమ రచయితలు, వారి కారణాలు వారివి. కాని ఆ పేర్ల వెనుక బజారు లెక్కతో దాగినవారు కూడా తక్కువేమీ కాదు. పూర్వం స్త్రీలు రాయడానికి సంకోచించి పురుషనామం ధరించిన దేశాలను గురించి సాహిత్య విద్యార్థులు చదువుకుంటారు. తెలుగునాట కొంతకాలం ఆ వ్యవహారం తలక్రిందులుగా నడిచింది.

ప్రేమనవలకు అత్యంత తీవ్రమైన విమర్శ వచ్చినది విమర్శకుల నుంచి కాదు, రచయిత్రుల నుంచే. ముప్పాళ రంగనాయకమ్మ ‘బలిపీఠం’ ఆదర్శ వివాహం తరువాత ఏమవుతుందన్న ప్రశ్నతో నడుస్తుంది. ప్రాణాంతకమైన వ్యాధితో ఉన్న బ్రాహ్మణ వితంతువు అరుణను దళితుడైన భాస్కర్ సానుభూతితో వివాహం చేసుకుంటాడు. ఆమె చనిపోదు. చనిపోకపోవడమే కథకు మలుపు. బ్రతికిన తరువాత అరుణలోని కులాభిమానం మేల్కొని ఆ ఇంటిని దహిస్తుంది. దయతో జరిగిన పెళ్లి ప్రేమ కాదని, సంస్కరణ సభలో చప్పట్లతో మొదలైన కాపురానికి ఆ చప్పట్లు తోడురావని ఆ నవల నిర్దాక్షిణ్యంగా చెప్పింది. 1975లో దాసరి నారాయణరావు దీనిని చిత్రంగా తీశారు. అదే రచయిత్రి ‘స్వీట్‌హోమ్’ ఇందుకు భిన్నం. విమల, బుచ్చిబాబుల సంసారంలోని నవ్వుల మాటున, ఇంటిపని ఎవరు చేయాలి, నిర్ణయం ఎవరు తీసుకోవాలి అన్న చర్చ ఆగకుండా సాగుతుంది. హాస్యం చదువుతున్నామనుకున్న గృహిణులు ఒక వాదాన్ని చదివారు. తరువాత వచ్చిన ‘జానకి విముక్తి’ వారపత్రికలో నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగిపోయింది. పత్రిక ఆగిన చోట పుస్తకం కొనసాగింది.

ఈ కాలపు రచయిత్రులందరూ ప్రేమనవలలే రాశారని అనుకోవడం కూడా పొరపాటే. వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’ భూమిని ప్రేమించిన రైతు సాంబయ్య కథ. నేషనల్ బుక్ ట్రస్టు దానిని పలు భారతీయ భాషలలోకి అనువదింపజేసింది. తెన్నేటి హేమలత (లత) వేశ్యావాటిక జీవితాన్ని నవలకు వస్తువుగా తీసుకొన్నప్పుడు సంప్రదాయవాదులు విస్తుపోయారు. ద్వివేదుల విశాలాక్షి ఉత్తరాంధ్ర మధ్యతరగతి కుటుంబాన్ని నిదానంగా, పెద్దగొంతు లేకుండా చిత్రించింది. హైదరాబాదు శివార్లలోని శంషాబాదులో పుట్టిన మాదిరెడ్డి సులోచన విస్తారంగా రాసి అకాలమరణం పొందింది. ఆమె నవలలను వరుసగా చదివి బేరీజు వేయవలసిన పని ఇంకా మిగిలే ఉన్నది. మాలతీ చందూర్ స్థానం వేరు. ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో ఆమె ‘ప్రమదావనం’ శీర్షికను దాదాపు అర్ధశతాబ్దం నిర్వహించింది. అందులో పాఠకురాళ్లు కూర తాలింపు దగ్గర నుంచి కాపురంలోని చిక్కుల దాకా ఆమెను అడిగారు. ‘పాత కెరటాలు’ శీర్షికలో ప్రపంచ నవలలను సంగ్రహంగా పరిచయం చేసి, ఇంగ్లీషు రాని పాఠకురాలికి ఒక పెద్ద కిటికీ తెరిచింది. నవలాకారుల గురించిన చరిత్రలో శీర్షికా నిర్వహణకు చోటెందుకని ఎవరైనా అడగవచ్చు. నవలలో కథానాయిక అడగలేని ప్రశ్నను పాఠకురాలు ఉత్తరంలో అడిగేది. ఈ రెంటినీ కలిపి చదివితే గాని ఆ కాలం పూర్తిగా కనబడదు.

ఇది తెలుగువారికే పరిమితమైన పరిణామం కాదు. ఇరుగుపొరుగు భాషలన్నిటిలోనూ దాదాపు అదే కాలంలో అటువంటి పాఠకలోకం రూపుదిద్దుకుంది. కన్నడంలో త్రివేణి (1928-1963) స్త్రీల మానసిక వేదనను ఇతివృత్తంగా తీసుకొని రాసిన నవలలలో ‘బెళ్లి మోడ’ 1967లోను, ‘శరపంజర’ ఆ తరువాతను పుట్టణ్ణ కణగాల్ చేతిలో చిత్రాలయ్యాయి. శ్రీదేవి వలెనే ఆమె కూడా చిన్నవయసులోనే మరణించింది. తమిళంలో వైద్యురాలైన లక్ష్మి తన నవలలతో లక్షలాది గృహిణులకు ఆత్మీయురాలై, 1984లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకుంది. వంగదేశంలో బడి ముఖం చూడని ఆశాపూర్ణాదేవి 1964లో ‘ప్రథమ్ ప్రతిశ్రుతి’ వెలువరించి, 1976లో జ్ఞానపీఠం పొందిన తొలి మహిళ అయింది. సరిహద్దు ఆవల పాకిస్తాన్‌లో రజియా బట్ ఉర్దూ నవల ‘నాయిలా’ 1965లో తెరకెక్కింది. చదువు నేర్చిన తొలితరం స్త్రీలు, చౌకగా దొరికే పత్రిక, కథల కోసం ఆకలితో ఉన్న చిత్రపరిశ్రమ: ఈ మూడూ కలిసిన ప్రతిచోటా రచయిత్రుల నవల వర్ధిల్లింది. తేడా అల్లా ఆశాపూర్ణాదేవిని వంగ సాహిత్యం ప్రధానస్రవంతిలో నిలబెట్టుకోగా, తెలుగు సాహిత్యం తన రచయిత్రులలో చాలామందిని ‘పాపులర్’ అన్న గదిలో పెట్టి తలుపు వేసింది.

గౌరవాలు మెల్లగా వచ్చాయి. తెలుగు రచనకు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన తొలి మహిళ ఇల్లిందల సరస్వతీదేవి, అది 1982లో. తరువాత 1992లో ‘హృదయనేత్రి’ నవలకు మాలతీ చందూర్, 2005లో అబ్బూరి ఛాయాదేవి, 2015లో ఓల్గా ఆ పురస్కారం అందుకున్నారు. వీరిలో ఓల్గా 1987లో వెలువరించిన ‘స్వేచ్ఛ’ నవల ప్రేమనవల ఎక్కడ ముగుస్తుందో అక్కడ మొదలవుతుంది. పట్టుబట్టి, ప్రేమించి పెళ్లి చేసుకున్న అరుణకు పెళ్లి తరువాత తన సమయం తనది కాదని తెలియవస్తుంది. భర్త దుర్మార్గుడు కాడు. అదే ఆ నవలలోని బాధ. ‘సెక్రటరీ’ని మెచ్చిన తల్లులకు పుట్టిన కుమార్తెలు ‘స్వేచ్ఛ’ను చదివారు. ఒకదానిని ప్రగతి విరుద్ధమని, మరొకదానిని ప్రగతిశీలమని విడదీసి చూపడం బోధనకు సౌకర్యంగా ఉండవచ్చు. కాని జయంతి జీతం ప్రసక్తి లేకుండా అరుణ స్వేచ్ఛ ప్రసక్తి వచ్చేది కాదు. ఉద్యోగం సంపాదించడం సమస్యగా ఉన్న తరం ఒకటి, ఉద్యోగం ఉండి కూడా ఊపిరాడకపోవడం సమస్యగా మారిన తరం మరొకటి.

1980లు వచ్చేసరికి వారపత్రికల అభిరుచి మారింది. ‘ఆంధ్రభూమి’లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సాధించిన విజయంతో చేతబడి, ఉత్కంఠ, నేరం ధారావాహికలలో రాజ్యమేలాయి. ఆ తరువాత టెలివిజన్ మధ్యాహ్నపు తీరికను స్వాధీనం చేసుకుంది. యద్దనపూడి నవలలు కొన్ని అక్కడ కూడా ధారావాహికలయ్యాయి. నవలను మింగిన సాధనమే నవల కోసం మళ్లీ ఆమె గడప తొక్కింది. 1991 జనాభా లెక్కలలో రాష్ట్రంలో స్త్రీల అక్షరాస్యత 33 శాతానికి దగ్గరగా నమోదయింది. చదవగలిగినవారు 1961 నాటికంటె ఎన్నో రెట్లు పెరిగిన సమయంలోనే వారి కోసం రాసే పత్రికలు సన్నగిల్లడం ఈ చరిత్రలోని విపర్యాసం.

ప్రచురణ వ్యవస్థ గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. మచిలీపట్నంలో పుట్టిన ఎం. శేషాచలం అండ్ కంపెనీ ‘ఎమెస్కో’గా పేరుపొంది, ‘ఇంటింటా గ్రంథాలయం’ పథకంతో చవక ధరల పుస్తకాలను ఇళ్లకు చేర్చింది. రచయిత్రుల నవలలు బీరువాలలోకి ఎక్కడానికి ఆ పథకం ఎంతో తోడ్పడింది. రాష్ట్రంలో 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద గ్రంథాలయ పన్నుతో నడిచిన శాఖా గ్రంథాలయాలు ఇంకొక ఆధారం. అయితే గ్రంథాలయాలలో ఈ నవలలకు పట్టిన గతి విచిత్రమైనది. ఎక్కువమంది చదివిన ప్రతి త్వరగా చిరుగుతుంది. చిరిగినది లెక్కలలోనుంచి తొలగిపోతుంది. ఎవరూ తాకని ఉద్గ్రంథాలు బీరువాలో చెక్కుచెదరకుండా ఉంటాయి. అర్ధశతాబ్దం తరువాత ఆ బీరువాను చూసి ఆ ఊరివారు ఏమి చదివారో తేల్చబూనిన పరిశోధకుడు తప్పుదారి పట్టడం ఖాయం.

హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991, 1993 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువడిన భారతీయ స్త్రీల రచనల సంకలనం, విస్మృతమైన ఎన్నో గొంతులను వెలికితీసింది. అటువంటి శ్రద్ధ వారపత్రికల ధారావాహికల పట్ల ఇంకా పూర్తిగా కలగలేదు. పుస్తకంగా వచ్చిన నవల వేరు, పత్రికలో వచ్చిన నవల వేరు. పత్రికలో ప్రతివారం ఒక బొమ్మ ఉండేది. కింద టైపు ఇన్‌స్టిట్యూట్ ప్రకటనో, కుట్టుమిషను ప్రకటనో ఉండేది. మరుసటివారం కథానాయిక ఏమి చేయాలో చెబుతూ పాఠకురాళ్ల ఉత్తరాలు ఉండేవి. పుస్తకం వేసినప్పుడు ఇవన్నీ రాలిపోయాయి.

యద్దనపూడి సులోచనారాణి 2018 మే నెలలో అమెరికాలోని కాలిఫోర్నియాలో మరణించింది. అంతకు రెండేళ్ల ముందు, 2016లో, ‘అ ఆ’ అన్న చిత్రం విడుదలైనప్పుడు అందులో ‘మీనా’ కథాచ్ఛాయలు ఉన్నాయని మొదట గుర్తుపట్టినవారు పాత పాఠకురాళ్లు. నాలుగు దశాబ్దాలు దాటినా వారికి ఏ సన్నివేశం తరువాత ఏ సన్నివేశం వస్తుందో గుర్తున్నది. వారిలో కొందరి ఇళ్లలో, పత్రికల నుంచి వారం వారం చింపి, దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు అట్టగా వేసుకున్న ధారావాహికలు ఇంకా ఉన్నాయి. వాటి మొదటి పుట మీద సిరాతో రాసిన పేరు రచయిత్రిది కాదు, కుట్టుకున్న ఇల్లాలిది. కొన్నిటిపై, ఎరువు తీసుకున్నవారు తిరిగి ఇవ్వవలసిన తేదీ కూడా ఉన్నది.